దొడ్డిలో దగ్గు

సార్జెంట్ మదికిడ ఈసారి కుక్కల్ని వెంటబెట్టుకు రాలేదు. దడి బయటే ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, రెండుసార్లు గొంతు సవరించుకుని, ఇంటివాళ్ళు పిలిచేదాకా నిలబడ్డాడు. నోజిబెలె చేమదుంపల మడిలో వంగి కలుపు తీస్తోంది. తలెత్తి చూసింది. మళ్ళీ వంగి, పెరికిన గడ్డివేళ్ళకున్న మట్టి దులిపి పక్కన వేస్తూ ఆ సాలు చివరిదాకా పోయిందే గానీ నడుం ఎత్తలేదు. పద్నాలుగేళ్ళ కిందట ఈ మనిషే ఇదే దడిని బూటుకాలితో తన్ని లోపలికొచ్చాడు. అప్పుడు లేని మర్యాద ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలని ఆమెకేం తొందర లేదు.

“మాభాలా,” అన్నాడు, పుట్టింటి వంశం పేరు పెట్టి, పరువైన ఇంటి ఆడవాళ్ళని పిలిచినట్టు. ఆ రోజు ‘ఏయ్’ అన్నాడు. “నీతో కాస్త పనిపడిందమ్మా.”

“చెప్పు. చెవులు బాగానే ఉన్నాయి.”

“లోపలికి రావచ్చా?”

“వద్దంటే ఆగుతావా సార్జెంటూ? ఆగడం ఎప్పుడు నేర్చుకున్నావు?”

అతను ఆగాడు. అది చూసి ఆమెకే విసుగొచ్చి, వంటపాక నీడలో బోర్లించి ఉన్న రంగు డబ్బా చూపించింది. లోపల బల్ల ఉంది, కానీ బల్ల వేయలేదు. అతను పోలీసు ఉద్యోగం వదిలేసి ఏడేళ్ళయింది, అయినా చొక్కా ఇస్త్రీ మడతలు నలగలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి గనక ఆ డబ్బా మీదికి మూడు వాయిదాల్లో కూచున్నాడు.

“నేను ఇంటి దగ్గర నాలుగు మొక్కలు వేశాను. తెలిసే ఉంటుంది.”

“గంజాయి అను. నోరేం కాలదు.”

“గంజాయే. మావాడు ఖన్యిసో మొదలుపెట్టాడు, డర్బన్ నుంచి వచ్చినప్పుడు. ఇప్పుడు చట్టం కూడా ఒప్పుకుంది కదా. రోడ్డు మీదికి కనపడకుండా, ఇంటి మటుకు, మనం తాగడానికి. రోడ్డుకి కనపడని చోటని పశువుల దొడ్డిలోనే ఒక మూల వల కట్టి వేశాం. పొద్దుగూకాక అన్నం తిని, వసారాలో కూచుని ఒక్క చుట్ట. అంతే. నిద్ర బాగా పడుతోంది.”

“ఇరవయ్యారేళ్ళు ఈ కొండ మీద ఎవర్నీ నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు నీకు పడుతోంది. మంచిదే.”

అతను టోపీ అంచు చుట్టూ వేలు తిప్పుకుంటూ కూచున్నాడు. చీమ ఒకటి బూటు మీదికెక్కితే దాన్ని చూస్తూ మిగతాది చెప్పాడు. పది రోజులుగా ఆవులు దొడ్డిలోకి పోవడం లేదు. తొమ్మిది ఆవులు. సాయంత్రం మేత నుంచి వచ్చి వాకిట్లో అడ్డకర్రల దగ్గర నిలబడిపోతాయి. ముందు నడిచే ముసలి ఎద్దు ఒక కాలు లోపల పెడుతుంది, వాసన చూస్తుంది, కాలు వెనక్కి తీసుకుంటుంది. కొట్టినా పోవు. రాత్రంతా బయటే.

“అదొక్కటే అయితే నీ దగ్గరికి వచ్చేవాణ్ణి కాదు. లోపల ఎవరో దగ్గుతున్నారు.”

“ఎవరు?”

“ఎవరూ ఉండరు. చీకటి పడే ముందు, నేను నీళ్ళు పెడుతుంటే. ఇలాగ.” అతను దగ్గి చూపించాడు. రెండు పొడి దగ్గులు, ఆపైన లోపలికి ఈడ్చుకున్న పొడుగాటి ఊపిరి.

నోజిబెలె మూడేళ్ళు ఆ దగ్గు పక్కన చాప వేసుకుని పడుకుంది. దాని తర్వాత రెండో దగ్గు ఎంతసేపటికి వస్తుందో చీకట్లో లెక్క కట్టేది. భర్తని మన్ను చేసి ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడా దగ్గు ఈ మనిషి నోట్లోంచి వచ్చింది.

“అది నీ మనిషిది,” అన్నాడు మదికిడ నెమ్మదిగా.

“నా మనిషి దగ్గు నువ్వెక్కడ విన్నావు? నువ్వు తీసికెళ్ళినప్పుడు దగ్గు లేదు. జైల్లో తెచ్చుకున్నాడు.”

“టాక్సీల దగ్గర విన్నాను, విడుదలయ్యాక. వెనకాలే నిలబడ్డాను. ముఖం చూపించలేకపోయాను.”

“ముఖందేముందిలే. పన్నెండు బస్తాల గంజాయి దొరికిందని కోర్టులో చెప్పిన నోరుంది కదా, దాన్ని చూపించాల్సింది. మా ఇంట్లో ఉన్నవి మూడు. మూడుకి ఒక ఏడాది వేసేవాళ్ళు, పన్నెండుకి ఎనిమిది వేశారు. దగ్గు ముదిరిందని మూడేళ్ళకే ఇంటికి పంపారు.”

అతను లేవడానికి డబ్బా పట్టుకుని, లేవకుండానే అసలు మాట చెప్పాడు.

“మా ఆవిడ సోదెమ్మకి కబురంపింది. శనివారం వస్తుంది. జనం ఇప్పటికే నీ పేరనుకుంటున్నారు. నేనైతే అనలేదు. నేను చెప్పొచ్చేదేంటంటే, దాన్ని నువ్వే పంపి ఉంటే, వెనక్కి పిలుచుకో. శనివారం లోపల.”

అంటే సాయం అడగడానికి రాలేదన్నమాట. తీర్పు ముందే రాసుకుని, సంతకం పెట్టమని వచ్చాడు. నోజిబెలెకి కోపం కన్నా ముందు నవ్వొచ్చింది, నవ్వు కన్నా ముందు భయమేసింది.

ఆ రోజు పొద్దు వాలేలోపే నొంబిని వచ్చింది. పక్కింటి మనిషి, నోజిబెలె కన్నా పదేళ్ళు చిన్న, నోటికి తాళం లేదు గానీ మనసులో విషం లేదు. తెచ్చిన పులిసిన పాల ముంత దించకుండానే మొదలెట్టింది.

“అక్కా, పొద్దున్నే లుసికిసికి పట్నం టాక్సీ ఎక్కు. నీ కూతురి దగ్గర ఓ నెల ఉండి రా. చేమదుంపలు నేను చూసుకుంటాను.”

“నేను పారిపోతే తప్పు చేసినట్టే కదే.”

“ఉంటే మటుకు చేయనట్టా? నది అవతల ముసలామె ఎక్కడికీ పోలేదు. నా ఇల్లు, నేనెందుకు పోతానంది. శనివారం సోదెలో పేరొచ్చింది. సోమవారం చూడ్డానికి వెళ్తే ఇనప మంచం ఒక్కటే మిగిలింది. తలుపుకి బయట ఇనప తీగ చుట్టి ఉంది అక్కా. తీగ కాలదు కదా.”

ఆ తీగ సంగతి నొంబిని ఇదివరకు చెప్పలేదు. ఇద్దరూ కాసేపు పాల ముంత మీద వాలిన ఈగల్ని తోలుతూ కూచున్నారు. నోజిబెలె పైకప్పు చూసుకుంది. కిందటేడే కొత్త గడ్డి కప్పించింది, బాగా ఎండి ఉంది.

“రేపు సాయంత్రం వాళ్ళింటికి వెళ్తాను,” అంది.

“మతి పోయిందా?”

“నా మీద వేసిన నింద ఎలా ఉంటుందో చూసి రావద్దూ.”

నింద మాట నిజమే. కానీ ఆమె వెళ్ళాలనుకున్నది అందుకు కాదు. ఆ దగ్గు వినాలి. అతను ఎక్కడున్నా, చివరికి ఆ పోలీసువాడి దొడ్డిలో ఉన్నా సరే, ఒక్కసారి వినాలి. ఆ మాట నొంబినితో అనే ధైర్యం లేదు.

గురువారం పగలంతా మబ్బు పట్టి ఉంది, సముద్రం మీంచి తడిగాలి. మదికిడ ఇల్లు లోయకి ఆ పక్క కొండ మీద, రేకుల ఇల్లు, దాని ముందు గుండ్రటి పాత పాక, దానికెదురుగా కర్రలూ ముళ్ళకంపా కలిపి కట్టిన పశువుల దొడ్డి. వసారాలో ఖన్యిసో ఇద్దరు స్నేహితులతో కూచున్నాడు. వాకిట్లో డర్బన్ కారు, అందులోంచి సన్నగా పాట. ముగ్గురూ తాగుతున్నారు. దారిన పోయే ముసలివాళ్ళకి చెయ్యి ఊపుతున్నారు, వాళ్ళూ చెయ్యి ఊపుతున్నారు. ఇదే కొండ మీద ఒకప్పుడు పోలీసు హెలికాప్టర్ చప్పుడు వింటే చాలు, మనుషులు పొలాలు వదిలి పరిగెత్తేవాళ్ళు. అది మందు చల్లిపోయాక గంజాయితో పాటు గుమ్మడి తీగలూ మాడేవి.

“రండత్తా, కూచోండి,” అన్నాడు ఖన్యిసో. మంచి పిల్లాడే, ముప్పై దాటినా ముఖంలో ఇంకా పసితనం. “మీరు ఎన్నేళ్ళు పండించారు, నలభై? మీ ముందు మాదేం పెంపకం. ఒక దమ్ము లాగి ఎలా ఉందో చెప్పండి.”

“నేనెప్పుడూ తాగలేదు నాయనా.”

“నలభయ్యేళ్ళు పండించి?”

“పిల్ల బడి బట్టలకి పండించాం. సరదాకి కాదు.”

స్నేహితుల్లో ఒకడు అన్నాడు, “ఇప్పుడు భయం లేదుగా అమ్మా, మళ్ళీ వెయ్యండి.”

“వేసి తాగితే భయం లేదు. వేసి అమ్మితే ఇప్పటికీ జైలే. నాకు తాగుడు రాదు, అమ్మడమే వచ్చు.” వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వించడానికి అనలేదు. మనసులో ఉన్నదే అంది.

మదికిడ భార్య మాదూమా పాక గుమ్మంలో నిలబడి చూస్తోంది. పలకరించలేదు. నోజిబెలె నేరుగా దొడ్డి దగ్గరికి నడిచి, దడికి మూరెడు ఇవతల ఆగింది. పరాయి వంశపు ఆడది ఈ దొడ్డిలో అడుగు పెట్టకూడదు. ఆ మాటకొస్తే కోడలిగా వచ్చిన మాదూమా కూడా పెట్టకూడదు. అది పశువులదీ, ఇంటి చనిపోయిన పెద్దలదీ. అందుకే మదికిడ ఆ నొప్పుల కాళ్ళతోనే రోజూ నీళ్ళు పెట్టుకుంటున్నాడు. ఇప్పుడు కూడా గొట్టం పట్టుకుని వల లోపల నిలబడి ఉన్నాడు.

కర్రల సందులోంచి ఆమె మొక్కల్ని చూసింది. చూసి దడి పట్టుకుంది. కాడలు ఎర్రగా ఉన్నాయి. ఉత్త ఎరుపు కాదు, కణుపు దగ్గర ముదిరి నల్లబడే ఎరుపు. మాగిన జామపండు వాసన. ఇది ఆమె అత్తగారి గింజ. ఈ కొండల్లో ఇంకెవరి దగ్గరా లేనిది. ఆ రోజు పోలీసులు ఇంట్లో గింజలు దాచిన సొరబుర్ర కూడా పట్టుకుపోయారు, మళ్ళీ ఎక్కడ వెతికినా దొరకలేదు.

“గింజలు ఎక్కడివి సార్జెంటూ?”

అతను గొట్టం చూస్తూ చెప్పాడు. “పాత కోటు జేబులో ఉన్నాయి. పెట్టెలో. మావాడికి దొరికాయి.”

“మా ఇంటివి.”

“అయ్యుంటాయి.”

అప్పుడు ఆవులొచ్చాయి. గంట చప్పుడు వాకిలి దాకా వచ్చి ఆగిపోయింది. తొమ్మిదీ ఒకదాని వెనక ఒకటి నిలబడి చెవులు ముందుకి పెట్టి వింటున్నాయి. ముసలి ఎద్దు ముందుకాలు లోపల పెట్టింది. బరువు వేయలేదు. నేల వాసన చూసింది, ముక్కుల్లోంచి బుస్సుమని ఊపిరి వదిలి, ఆ కాలిని గుడ్డు మీంచి తీసినంత జాగ్రత్తగా వెనక్కి తీసుకుంది. వసారాలో పాట ఆగింది. ఖన్యిసో ఆపేశాడు. గాలి కూడా పడిపోయింది, గొట్టం నీళ్ళు ఒక్కటే మట్టిలోకి ఇంకుతున్నాయి.

దొడ్డి దగ్గింది.

రెండు పొడి దగ్గులు. నేల మట్టం నుంచి, మొక్కల వేళ్ళ దగ్గర్నుంచి. తర్వాత ఎవరో పళ్ళ సందుల్లోంచి పీల్చినట్టు పొడుగాటి ఊపిరి. మదికిడ చేతిలో గొట్టం కదలకుండా నిలబడిపోయింది. నోజిబెలెకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అది అతనే. భార్య భర్తని పేరు పెట్టి పిలవదు, అందుకని ఇంట్లో చేసినట్టే గొంతు సవరించింది, ‘నేనిక్కడున్నాను’ అన్నట్టు. లోపల్నుంచి మళ్ళీ దగ్గు వచ్చింది. ఆమె మరోసారి గొంతు సవరించింది. మళ్ళీ వచ్చింది. గుమ్మంలో మాదూమా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చచ్చినవాడితో మాట్లాడుతున్న మనిషిని ఆమె తన కళ్ళతో చూస్తోంది మరి.

మూడోసారి నోజిబెలె ఏమీ చేయలేదు. అయినా దగ్గొచ్చింది. ఆ వెనకే ఇంకొకటి కూడా వచ్చింది. గొట్టం నీళ్ళు మడి దాటి చిన్న సుడిలా ఒకచోట తిరుగుతూ భూమిలోకి పోతున్నాయి. ఎంత పోసినా నిలవడం లేదు.

పాతర.

ఏడేళ్ళ వయసులో చంకల కింద తాడు కట్టి తండ్రి ఆమెని వాళ్ళ దొడ్డిలోని పాతరలోకి దించాడు. పుట్టింటి దొడ్డిలోకి ఆడపిల్ల పోవచ్చు, పైగా ఆ ఇరుకు మూతిలో పట్టేది పిల్లలే. కూజాలాంటి గొయ్యి, మూతి సన్నం, కడుపు పెద్దది, అడుగున పులిసిన మొక్కజొన్న. మూతి రాయి కదపగానే పాతర ఇలాగే దగ్గేది. దించేముందు మండుతున్న గడ్డికట్ట లోపలికి వదిలేవాళ్ళు. మంట ఆరిపోతే ఆ రోజుకి పిల్లని దించరు. పాతర తెరిచి ఉన్న రోజుల్లో వాళ్ళ ఎద్దులు కూడా దొడ్డి వాకిట్లో ఇలాగే ఒక కాలు పెట్టి తీసేవి.

ఈ ఇంటి పాతరని అందరూ మర్చిపోయారు. దాని నెత్తిన పేడ గట్టిపడి రాయిలా ఉన్నంతకాలం ఏమీ కాలేదు. ఇప్పుడక్కడ మూరెడు తవ్వి, మెత్తటి ఎరువు మట్టి ఇదేనని సంబరపడి, రోజూ నీళ్ళు పోశారు. కప్పు నానిపోయింది, నీళ్ళు దిగినప్పుడల్లా లోపలి గాలి పైకి తన్నుకొస్తోంది. మదికిడ సరిగ్గా దాని మీద నిలబడి ఉన్నాడు.

ఆమె ఏమీ అనకుండా ఇంటికొచ్చేసింది. దారంతా ఒకటే బాధ. ఒక్క నాలుగు దగ్గుల సేపు అతను తిరిగొచ్చాడు, తర్వాత తన తెలివే అతన్ని మళ్ళీ పంపేసింది. తెలియకపోయినా బాగుండేది. దయ్యమైనా సరే, ఉన్నాడనుకునేది.

దడి దగ్గర నొంబిని కాచుకుని ఉంది. నోజిబెలె ఆమెతో పాతర సంగతి చెప్పింది, ఎవరితోనో ఒకరితో అనకపోతే గుండె పగిలేలా ఉంది.

నొంబిని ముఖం తేటపడి, అంతలోనే మాడిపోయింది. “ఆ దొడ్డిలో నువ్వెప్పుడైనా కాలు పెట్టావా?”

“లేదు.”

“అడుగు పెట్టకుండా లోపల భూమికింద ఏముందో చెప్పేవాళ్ళని ఏమంటారో నీకు తెలుసు కదక్కా.”

తెలుసు. అందుకే అక్కడ ఏమీ అనకుండా వచ్చేసింది. చెబితే మంత్రగత్తె. చెప్పకపోతే ఇవాళో రేపో అతను గోతిలో పడతాడు, అప్పుడూ మంత్రగత్తే. కానీ చెప్పకపోతే ముందు అతను పోతాడు. నోజిబెలె ఆ ఆలోచనని పక్కకి నెట్టలేదు, దగ్గరగా పెట్టుకుని చూసింది. చుట్ట వెలిగించుకుని, గొట్టం పట్టుకుని, తన అత్తగారి గింజలకి నీళ్ళు పోస్తూ, అతను నిలువునా దిగిపోవడం. లోపల ఊపిరాడదు. దగ్గుతాడు. అది బాగుంది ఆమెకి. చాలా బాగుంది. అంత బాగున్నందుకే భయపడి లేచి, పొయ్యి మీద ఎసరు పెట్టి, మొక్కజొన్న నూకలు కడిగి, ఉత్త చేతులతో రాళ్ళేరుతూ కూచుంది.

శుక్రవారం తెల్లవారగానే, మంచు ఇంకా గడ్డి మీద ఉండగా, దుప్పటి కప్పుకుని లోయ దిగి ఎక్కింది. మదికిడ వసారాలో ఒక్కడే ఉన్నాడు. దొడ్డి దగ్గరికి పిలిచింది.

“పొడుగు కర్ర తీసుకో. లోపలికి వెళ్ళకు. వాకిట్లోంచే చెయ్యి చాపి, నీకు నచ్చినచోట నేలని కొట్టు. నేను చోటు చెప్పను.”

“ఎందుకు?”

“గుమ్మడికాయ పండిందో లేదో కొట్టి చూస్తావు కదా. అలా కొట్టు.”

అతను కొట్టాడు. వాకిలి దగ్గర నేల గట్టిగా పలికింది. ఇంకాస్త లోపలికి కొట్టాడు. గట్టిగానే. మూడో దెబ్బకి చప్పుడు మారింది. కింద ఖాళీ డప్పు ఉన్నట్టు. అతను ఆమె వంక చూసి, బలంకొద్దీ ఇంకొకటి కొట్టాడు.

నేల పళ్ళెమంత మేర కుంగింది. ఏ చప్పుడూ లేదు. ఆ పళ్ళెం చేటంత అయింది. వలకున్న గుంజ ఒకటి నెమ్మదిగా పక్కకి వాలింది. ఆపైన నాలుగు మొక్కలూ, మనిషెత్తు మొక్కలు, వంగకుండా, ఒరగకుండా, నిలబడినవి నిలబడినట్టే కిందికి దిగడం మొదలెట్టాయి. నడుం దాకా దిగాయి. పూతలు మాత్రం నేల మీద కాసేపు నిలిచాయి. తర్వాత అవీ పోయాయి. గోతిలోంచి పుల్లటి వెచ్చటి గాలి వచ్చి ఇద్దరి ముఖాలకీ తగిలింది.

అతను ముందుకి వంగబోయాడు. “ఊపిరి బిగబట్టు, దగ్గరికి పోకు,” అని ఆమె ఆపింది. దడిలోంచి ఎండుగడ్డి పీకి కర్రకొసన చుట్టించి, చుట్ట నిప్పుతో అంటించి లోపలికి దించమంది. మూతి దాటి మూరెడు దిగిందో లేదో, ఎవరో రెండు వేళ్ళతో నలిపినట్టు మంట ఆరిపోయింది.

మదికిడ అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ఇస్త్రీ లాగు బురదయింది. రోజూ ఏ మూల నిలబడేవాడో ఆ మూల ఇప్పుడు లేదు. తర్వాత అతని నోట వచ్చిన మాట కృతజ్ఞత కాదు.

“నీకెలా తెలిసింది?”

అది పోలీసు గొంతు. నోజిబెలె ఒక్కొక్కటే చెప్పింది. “ఆవుల కాళ్ళు చూశాను. నీళ్ళు ఇంకడం చూశాను. చిన్నప్పుడు మా నాన్న పాతరలో దిగాను.”

అతను చూస్తూనే ఉన్నాడు.

“నాకేమీ ఇవ్వక్కర్లేదు,” అంది. “గింజలు పోయాయి. వెళ్ళేలోపు ఒక్కటి అడుగుతున్నాను. రేపు అందరూ ఉంటారు. మా ఇంట్లో దొరికినవి మూడు బస్తాలేనని చెప్పు. పన్నెండు కాదని. అది చాలు.”

అతను కర్ర ఊతం చేసుకుని లేవడం మొదలెట్టాడు. ఆమె వెనుదిరిగేసరికి పాక గుమ్మంలో మాదూమా నిలబడి ఉంది, ఎప్పట్నుంచి ఉందో. ఆమె చూపు నోజిబెలె ముఖం మీద లేదు. మంచుకి తడిసిన దుప్పటి అంచు మీద ఉంది.

పాతర దొరికాక సోదెమ్మ ఎందుకని మగవాళ్ళు కొందరు అన్నారట. మాదూమా ఒప్పుకోలేదు. “నలభయ్యేళ్ళు కూలనిది ఇప్పుడే ఎందుకు కూలింది? ఎవరు కూల్చారు? అది అడగాలి,” అందట. దాంతో సోదె ఖాయమైంది.

శనివారం ఎండ బాగా కాసింది. గుండ్రటి పాక ముందు ఊరంతా కూచుంది, ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు దొడ్డివైపు. రాకుండా ఉంటే పేరు రాకముందే పేరొచ్చినట్టు, అందుకని నోజిబెలె కూడా వచ్చి నొంబిని పక్కన కూచుంది. సోదెమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది, ముఖానికి తెల్లసుద్ద, మెడనిండా తెల్లపూసలు. గొంతు పెద్దది కాదు. ఆమె ఒక మాట అంటుంది, జనం చప్పట్లు కొట్టి “ఒప్పుకుంటున్నాం” అంటారు. మాట దారి తప్పితే చప్పట్లు పలచబడతాయి, దారిలో ఉంటే ముదురుతాయి. ఆమె ఆ చప్పట్ల మీద నడుచుకుంటూ పోతుంది, చీకట్లో గోడ పట్టుకు నడిచినట్టు.

“మీరు పశువుల సంగతి అడగడానికి వచ్చారు.”

“ఒప్పుకుంటున్నాం.”

“పశువుల వెనక నేల సంగతుంది.”

“ఒప్పుకుంటున్నాం.”

“నేల వెనక మనిషి సంగతుంది. మగవాడు.” చప్పట్లు పలచబడ్డాయి. “కాదు. ఆడమనిషి.”

చప్పట్లు ముదిరాయి. నోజిబెలె కూడా కొడుతోంది. కొట్టకపోతే తన చేతులే అందరికీ కనిపిస్తాయి. తన అరచేతుల చప్పుడు మిగతావాటిలో కలిసి తన మీదికే వస్తోంది.

“ఒంటరి ఆడమనిషి.”

“ఒప్పుకుంటున్నాం.”

“ఆమె ఇంటి చచ్చినవాడు ఆమెతో మాట్లాడతాడు.”

మాదూమా అందరికన్నా గట్టిగా కొట్టింది. మగవాళ్ళలో వెనక వరసలో ఇద్దరు లేచి నిలబడ్డారు. నోజిబెలెకి ఎందుకో వాళ్ళ ముఖాలు కాక చేతులు కనిపించాయి. ఆ చేతుల్లో ఏమీ లేదు, ఇంకా.

“నిన్న మంచు ఆరకముందు ఆమె ఈ దొడ్డి దగ్గర నిలబడింది.”

“ఒప్పుకోను,” అన్నాడు మదికిడ.

చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సోదె మధ్యలో అలా అనే హక్కు సోదె చెప్పించుకునే ఇంటివాడికి ఉంది గానీ ఎవరూ వాడుకోరు. అతను లేచాడు. మోకాళ్ళు పట్టుకుని మూడు వాయిదాల్లో లేవలేదు, ఒక్కసారే లేచి, చేతులు రెండూ లాగు కుట్ల మీద ఆనించి, గడ్డం ఎత్తి నిలబడ్డాడు. నోజిబెలె చప్పట్లు ఆపిన చేతులు దించుకుంది. అలా నిలబడ్డాక ఈ మనిషి ఏం చెప్పగలడో ఆమెకి తెలుసు. నిజం చెప్పమని అడిగింది తనే. మూడు అని చెప్పే మనిషి, నిన్న తన ప్రాణం కాపాడింది ఎవరో కూడా చెబుతాడు. మాభాలా వచ్చింది, కర్రతో కొట్టమంది, నేల కుంగింది. ఒక్క ముక్క అబద్ధం అక్కర్లేదు. ఆ నిజంతోనే రాత్రికి తలుపుకి తీగ చుడతారు.

“ఆ దొడ్డి నాది,” అన్నాడు. “ఆ పాతర మా నాన్నది. నా చిన్నతనంలో దాని మూతి మీద ఆడుకున్నాను. మర్చిపోయాను, అది నా తప్పు. నీళ్ళు పోసింది నేను. గురువారం నేలలో చప్పుడు తేడాగా ఉందని నాకే అనుమానమొచ్చింది. శుక్రవారం తెల్లవారుజామున ఆరుంపావుకి పొడుగు కర్ర తీసుకుని వాకిట్లోంచి నాలుగుసార్లు కొట్టాను. నాలుగో దెబ్బకి కూలింది. గడ్డి వెలిగించి దించి చూశాను, ఆరిపోయింది. ఆ సమయంలో అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.”

ఆరుంపావు. నాలుగుసార్లు. అంత కచ్చితంగా, తడబడకుండా, అడగని వివరాలు కూడా కలిపి. పన్నెండు బస్తాలకి కూడా ఇలాగే లెక్క చెప్పాడు, ఒక్కోటి ఎంత బరువుందో కూడా చెప్పాడు, జడ్జి తల ఊపాడు. మూడు అని ఈ జన్మలో అనడు. ఆ సంగతి ఆమెకిప్పుడు ఎండలా కనపడింది.

“నేను చూశాను,” అంది మాదూమా. “గుమ్మంలోంచి. దుప్పటి కప్పుకున్న…”

“దుప్పటి కప్పుకున్నది నేను. చలిగా ఉంది.” అతను భార్య వైపు తిరగనైనా లేదు.

మాదూమా నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. నలభయ్యేళ్ళ కాపురం చేసిన భర్తని ఊరందరి ముందు అబద్ధాలకోరనాలి, లేదా తన కళ్ళని కాదనుకోవాలి. ఆమె చేతులు ఒళ్ళో పడ్డాయి. సోదెమ్మ సుద్ద ముఖంతో జనం వంక చూస్తోంది, ఎటు పోవాలో చెప్పే చప్పుడు కోసం. వెనక వరసలో లేచిన ఇద్దరూ ఇంకా కూచోలేదు.  ఒక్కరైనా ముందు కొట్టాలి.

భర్తని తిన్న అబద్ధం అది. దాని గొంతు ఆమెకి నిద్రలో కూడా తెలుసు. నోజిబెలె రెండు చేతులూ ఎత్తింది. అరచేతులు మండిపోయేలా కొట్టింది.

“ఒప్పుకుంటున్నాం,” అంది.

ఆమె వెనక నొంబిని ఒప్పుకుంది. తర్వాత ఆడవాళ్ళు, తర్వాత మగవాళ్ళు, కూచున్నాక ఆ ఇద్దరూ, అందరి తర్వాత మాదూమా. మదికిడ చేతులు లాగు కుట్ల మీంచి తీయకుండా, చప్పట్లు ఆగేదాకా అలాగే నిలబడ్డాడు.